నా క్లాసులో తెలుగు మాట్లాడని తెలుగు పిల్లలు

తెలుగు చెప్పమని నన్ను పుదుచ్చేరి పంపించారు. ఎవరికి చెప్పాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

నేను యానాం పిల్లని. యానాం పుదుచ్చేరి ప్రభుత్వం కిందికే వస్తుంది కనుక, గోదావరి ఒడ్డున పుట్టి తెలుగు పండిత శిక్షణ పూర్తిచేసిన నన్ను తీసుకొచ్చి ఇక్కడ ఊరి మధ్యన ఉన్న ఒక బడిలో వేశారు. ఒక్క ఏడాది ఓర్చుకుని బదిలీ మీద వెనక్కి పోదామనుకున్నాను. ఆ ఏడాది ఇంకా పూర్తి కాలేదు. ఇప్పుడు రిటైరై రెడ్డియార్‌పాళయంలో ఉంటున్నాను. ఎవరైనా మా గేటుకు అడ్డంగా స్కూటర్ పెడితే తమిళంలోనే తిడతాను, ఎందుకంటే తెలుగులో తిడితే నాకే నవ్వొస్తుంది.

ఈ ఊళ్ళో ఇంకా కొన్ని బళ్ళలో తెలుగు ఉంది. అక్కడ కొత్తగా చేరేవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, క్లాసు ఎలా నడపాలి మేడం అని అడుగుతారు. ప్రమోషన్లు, సెలవులు, సర్వీసు రిజిస్టర్ల సంగతి ఆఫీసు గుమస్తా నాకంటే బాగా చెబుతాడు. నాకు తెలిసింది వేరే. నిజం చెప్పాలంటే నాకు తెలియనిది వేరే, అదే ఇక్కడ రాస్తున్నాను. చదివాక మీకేమైనా దారి కనిపిస్తే వచ్చి నాకూ చెప్పండి, టీ ఇస్తాను.

మే నెలలో ప్రచారం

ఈ ఉద్యోగంలో మొదట తెలుసుకోవలసింది, పిల్లలు వాళ్ళంతట వాళ్ళు రారు. ఆరో తరగతిలో చేరేటప్పుడు భాష ఎంచుకోవాలి. తమిళమో, ఫ్రెంచో, తెలుగో. లెక్కల మాస్టారు పిల్లల కోసం వెతుక్కోనక్కర్లేదు. తెలుగు టీచరు వెతుక్కోవాలి. పిల్లలు చాలకపోతే సెక్షన్ ఎత్తేస్తారు. అందుకని ఇక్కడి తెలుగు టీచర్లకు ఒక ఆనవాయితీ ఉంది. సెలవులివ్వగానే గొడుగు వేసుకుని తెలుగు వాళ్ళ ఇళ్ళ వెంట తిరగడం. రెడ్డియార్‌పాళయంలో అంగళ్ళు, మురుంగపాక్కంలో రోజు పనికి పోయేవాళ్ళ ఇళ్ళు, దక్షిణాన ఏంబలంలో సేద్యగాళ్ళ ఇళ్ళు.

మొదటి ఏడాది ఒక పాత్రల అంగట్లోకి వెళ్ళి నమస్కారం పెట్టగానే, నా చేతిలో కరపత్రాలు చూసి యజమాని "ఏ పార్టీమ్మా?" అన్నాడు. తెలుగు అని చెప్పాక ఆయన ఇంకా తికమకపడ్డాడు.

"తెలుగా? అది మాకు వస్తది గదమ్మా. వచ్చినదాన్ని మళ్ళా నేర్చేదేంది?"

శిక్షణ కాలేజీలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఎంత గొప్ప భాష, ఎంత తియ్యని భాష అని నాకు నోటికి వచ్చిన ఉపన్యాసం ఇచ్చాను. ఆయన వినయంగా విని, మజ్జిగ ఇప్పించి, కొడుకును ఫ్రెంచ్‌లో చేర్చాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవాలంటే ముందు ఆ చెట్టు పేరుకు గిరాకీ ఉండాలని నాకప్పుడు తెలిసింది.

మరుసటి ఏటి నుంచి భాష గొప్పతనం ఎత్తడం మానేశాను. "మార్కులు సులువుగా వస్తాయి" అన్నాను. ఆ మాట పనిచేసింది. అది అబద్ధమా అంటే, కొందరి విషయంలో నిజమైంది, కొందరి విషయంలో కాలేదు. ఎవరి విషయంలో ఏమవుతుందో ముందుగా నాకు తెలిసేది కాదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా తెలియదు.

ఏంబలంలో మాత్రం ఒక ముసలావిడ నన్ను ఆ మాట కూడా అననివ్వకుండా ఒప్పుకుంది. ఆవిడ పేరు రంగమ్మ. కొడుకు కన్నయ్య కరెంటాఫీసులో లైన్‌మన్. మనవరాలు దేవకి అప్పుడే ఐదు పూర్తిచేసింది.

"మా ఇంట్లో ఇన్ని తలకాయలు ఉండాయి, ఒకరికన్నా మన అచ్చరం రాదు. ఇదన్నా చదవనీ" అంది రంగమ్మవ్వ.

కన్నయ్య పక్కన నిలబడి అంతా విన్నాడు. చివర్లో నాతో తమిళంలో, చాలా మర్యాదగా, "మార్కులు వస్తాయా టీచర్?" అని అడిగాడు.

"వస్తాయి" అన్నాను.

తెలుగు పాఠం, తమిళం టీచరు

మా బడిలో తమిళం చెప్పేవిడను పిల్లలు తమిళమ్మ అంటారు. ఆ లెక్కన నేను తెలుగమ్మనయ్యాను. ఎదురుగా పిలిచేటప్పుడు మిస్. పేరు గొప్పగానే ఉంది. క్లాసులో చూస్తే ఒక్క పిల్లా, ఒక్క పిల్లాడూ తెలుగులో నోరు విప్పరు. "ఇవాళ మీ అమ్మ ఏం వండింది?" అని నేను తెలుగులో అడిగితే, అర్థమవుతుంది, జవాబూ వస్తుంది, తమిళంలో. పేరు అడిగినా తమిళమే. కడుపు నొప్పన్నా తమిళమే.

నేను ఒక తీర్మానానికి వచ్చేశాను. ఈ కుటుంబాలు ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడ్డాయి, వీళ్ళకు తెలుగు పేరులో తప్ప నోట్లో మిగల్లేదు అనుకున్నాను. యానాం దాన్ని కదా, అలా అనుకోవడంలో కొంచెం టెక్కు కూడా ఉండేది. నోట్లో భాష లేని పిల్లలకు ఎలా చెప్పాలి? వాళ్ళకు వచ్చిన భాషలో చెప్పాలి. అందుకని తెలుగు పద్యానికి అర్థం తమిళంలో చెప్పేదాన్ని. నా తమిళం కూరగాయల బజారులో నేర్చుకున్నది. నేను తప్పు మాట్లాడితే పిల్లలు చాలా ప్రేమగా దిద్దేవాళ్ళు. అలా ఏళ్ళ తరబడి నడిచింది. నా తమిళం బ్రహ్మాండంగా బాగుపడింది. వాళ్ళ తెలుగు ఎక్కడిదక్కడే ఉంది.

పరీక్షలకు బట్టీ. అక్షరాలు కూడబలుక్కుని చదివేవాళ్ళు, జవాబులు కంఠతా పట్టి కాగితం మీద దింపేవాళ్ళు. సగటు పిల్లలు ఇలాగే గట్టెక్కారు. మా బడి ఫలితాలు బాగున్నాయని పైనుంచి వచ్చిన ఒక తనిఖీ అధికారి నన్ను మెచ్చుకున్నాడు కూడా. ఆయనకు తెలుగు రాదు. ఆ మెప్పుకి సంతోషించాలో లేదో తెలియక ఆ రోజంతా తిక్కతిక్కగా ఉన్నాను.

దేవకి ఈ బట్టీకి లొంగలేదు. మొండితనం కాదు, ఆ పిల్ల బుర్ర అర్థం కానిదాన్ని పట్టుకోదు. మిగతా సబ్జెక్టుల్లో చురుకు. మనిషి గుండె ఎలా కొట్టుకుంటుందో బోర్డు మీద బొమ్మ గీసి తోటి పిల్లలకు చెప్పేదని సైన్సు టీచరు మురిసిపోయేది. నర్సింగ్ చదవాలని దాని కోరిక. తెలుగు పరీక్షలో మాత్రం సగం కాగితం ఖాళీ. ఆరు, ఏడు, ఎనిమిది ఎలాగో జరిగిపోయాయి. తొమ్మిదిలో క్వార్టర్లీ పరీక్ష తప్పింది.

కన్నయ్య డ్యూటీ చొక్కాతోనే వచ్చాడు. కోపంగా లేడు, అదే నన్ను భయపెట్టింది. తమిళంలో తీరిగ్గా చెప్పాడు. "నా చెల్లెలు బట్టల కంపెనీలో మిషన్ కుడుతుంది టీచర్. ఇది పదిలో తప్పితే దానితో పంపిస్తాను. మళ్ళీ మళ్ళీ రాయించే ఓపిక నాకు లేదు. మా ఇళ్ళలో ఆడపిల్ల చదువు ఒకసారి ఆగితే మళ్ళీ మొదలవదు, మీకూ తెలుసు." నాకు తెలుసు. అలా ఆగిపోయిన ఆడపిల్లలను మే నెల తిరుగుళ్ళలో గుమ్మాల దగ్గర చూస్తూనే ఉన్నాను. ఒక్క తెలుగు వల్ల దేవకి నర్సింగ్ పోతుందంటే, ఆ తెలుగు చెప్పేది నేనే.

గంపకు సీటు

ఆ ఆదివారం ఏంబలం బస్సెక్కాను. రంగమ్మవ్వతో మాట్లాడి, దేవకికి సెలవు రోజుల్లో విడిగా పాఠం చెబుదామని నా ఆలోచన. ఇంటి ముందు ఎవరూ లేరు. పెరటి వైపు నుంచి ఎవరో ఆడపిల్ల గడగడా మాట్లాడుతున్న శబ్దం.

"ఆ కండక్టరు ఏమన్నాడో తెలుసునా అవ్వా? గంప అడ్డం బెట్టినావు, గంపకి గూడా టికెట్టు దీసుకో అన్నాడు. చేపలమ్మే ఆయమ్మ ఊరుకుంటదా? తీసుకుంటా అబ్బయ్యా, నువ్వు ముందు గంపకి సీటియ్యి, నిలబడలేక కాళ్ళు లాగతాండాయంట దానికి అనింది! బస్సు బస్సంతా నవ్వు. కండక్టరు మొగం జూడాల నువ్వు, ఇదో, ఇట్టా బెట్టినాడు."

రంగమ్మవ్వ నవ్వలేక దగ్గుతోంది. నేను కంచె ఇవతల నిలబడిపోయాను. కండక్టరు గొంతు వేరు, చేపలామె గొంతు వేరు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ తోయాలో అక్కడ తోసి చెబుతున్న ఆ పిల్ల దేవకి. నా క్లాసులో మూడేళ్ళకు పైగా మూగగా కూర్చున్న దేవకి.

నన్ను చూడగానే కథ తెగిపోయింది. చున్నీ సర్దుకుని, చేతులు కట్టుకుని, "వణక్కం మిస్" అంది. అక్కడి నుంచి అంతా తమిళమే. టీవీలో ఛానల్ మార్చినట్టు మారిపోయింది. మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళగానే అవ్వని పట్టుకున్నాను.

"ఇంత మాట నోట్లో పెట్టుకుని నా దగ్గర ఒక్క ముక్క తెలుగు మాట్లాడదేమిటవ్వా?"

అవ్వకు నా ప్రశ్నే విచిత్రంగా తోచింది. "నీతో ఎట్టా మాట్లాడతది? నువ్వు వాధ్యారమ్మవి, పాటం జెప్పేదానివి. వాధ్యారు దగ్గిర, డాక్టరు దగ్గిర, ఆపీసరు దగ్గిర అరవంలో గదా మాట్లాడాల. అదే మర్యాద. ఇది మనలో మనం మాట్లాడుకునేది. నైటీ ఏసుకొని బస్సెక్కుతారా ఎవురన్నా?"

"మరి నువ్వు నాతో మాట్లాడుతున్నావుగా?"

"నేను ముసిల్దాన్ని. నన్నెవురు అడిగేది?"

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచిస్తూనే ఉన్నాను. పిల్లలు నాకు ఇచ్చిన మర్యాదను నేను వాళ్ళ చేతగానితనం అనుకున్నాను. నేను వాళ్ళకు అర్థం కావాలని తమిళంలో చెప్పాను. నేను తమిళంలో మాట్లాడుతున్నాను కనుక ఇక్కడ తమిళమే మర్యాద అని వాళ్ళు ఇంకా గట్టిగా అనుకున్నారు. ఇంత తెలుగు ఉన్నందుకు సంతోషించాలా, అది నా దగ్గరకు రానందుకు ఏడవాలా? మురుంగపాక్కం వచ్చేసరికి ఒకటి, ఊళ్ళో దిగేసరికి ఇంకొకటి అనుకున్నాను.

ఒక మంచి ఆలోచన

కొత్త టీచర్లకు ఒక్క మాట. మీకు ఆదివారం మధ్యాహ్నం ఏదైనా మంచి ఆలోచన వస్తే, సోమవారం పొద్దున్నే దాన్ని అమలు చేయకండి.

సోమవారం తొమ్మిదో తరగతిలోకి వెళ్ళి, "ఇవాళ్టి నుంచి ఇక్కడ అందరూ ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడాలి" అన్నాను. ఉన్నది గుప్పెడు మంది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పొద్దున బయల్దేరేటప్పుడు మీ అమ్మ ఏమంది? ఆ మాట అలాగే చెప్పండి" అన్నాను. ఒకడు గోళ్ళు చూసుకున్నాడు. ఒకతె బెంచీ కింద పోయిన పెన్సిలు వెతకడం మొదలుపెట్టింది, పెన్సిలు చేతిలోనే ఉంది. నాకు పట్టుదల పెరిగింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు కదా.

"దేవకీ, ఆ చేపలామె గంప కథ చెప్పమ్మా. ఎంత బాగా చెప్పావు నిన్న!"

దేవకి లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది. ఏదో తప్పు పనిలో పట్టుబడినట్టు అందరి వైపూ చూసి, తల దించుకుని తమిళంలో అంది. "అది మా ఇంట్లో మాట్లాడింది మిస్."

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకేం చేయాలో తోచక, కూర్చోమని, పాఠం తెరిచి, అలవాటు ప్రకారం తమిళంలో మొదలుపెట్టాను. క్లాసంతా ఊపిరి పీల్చుకుంది. అది నాకు చాలా బాధగా అనిపించింది.

మరునాడు దేవకి రాలేదు. ఆ తర్వాతి రోజు కన్నయ్య వచ్చాడు, నా దగ్గరికి కాదు, హెడ్మిస్ట్రెస్ దగ్గరికి. "పాఠం చెప్పమని పంపిస్తే, ఇంట్లో ఎవరేం మాట్లాడుకుంటారో పిల్లలందరి ముందు చెప్పమంటోందట తెలుగమ్మ. మా ఇంటి సంగతులు బడికెందుకు మేడం?" అన్నాడట. నేను గనిలో బంగారం దొరికిందనుకుంటున్నాను. ఆయన దృష్టిలో నేను పక్కింటి కిటికీ దగ్గర చెవి పెట్టిన మనిషిని. ఇద్దరిలో ఎవరిది తప్పో, అసలు తప్పంటూ ఉందో లేదో కూడా నాకు తెలియలేదు.

స్టాఫ్ రూములో అడిగాను. తమిళమ్మ, "మా పిల్లలకూ ఇంటి తమిళం వేరు, పుస్తకం తమిళం వేరు. కానీ వాళ్ళు దాచుకోరు, నీ పిల్లలెందుకు దాచుకుంటారు?" అని నన్నే అడిగింది. సైన్సు టీచరు, "ఆ పిల్లను తమిళంలోకి పంపించెయ్యి, బతికిపోతుంది" అంది. ఫ్రెంచ్ మాస్టారు చిరునవ్వుతో, "నాకివ్వండి" అన్నాడు. సలహాలు ముగ్గురివీ బాగానే ఉన్నాయి, నాకు మాత్రం ఏదీ పనికి రాలేదు.

హెడ్మిస్ట్రెస్ గదిలో

మా హెడ్మిస్ట్రెస్ గురించి ముందు చెప్పాలి. తమిళులు, తెలుగు ఒక్క ముక్క రాదు. ఆవిడ మీద నాకు కోపం వచ్చిన రోజులున్నాయి గాని, కూర్చుని ఆలోచిస్తే ఆవిడ తప్పు ఎప్పుడూ దొరికేది కాదు. అలాంటి బాస్‌తో చాలా కష్టం.

కన్నయ్యను, దేవకిని, నన్ను పిలిపించారు. "ఈయన కూతుర్ని తమిళం సెక్షన్‌కు మార్చమంటున్నారు. ఇప్పుడైతే కుదురుతుంది, పదిలోకి వెళ్ళాక కుదరదు. మీరు సరే అంటే మారుస్తాను. ఉంచుకుంటానంటే పాస్ చేయించే బాధ్యత మీది" అన్నారు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "ఒకటి ముందే చెప్పడం మంచిది. ఈ పిల్ల వెళ్తే మీ తొమ్మిదిలో మిగిలేవాళ్ళు చాలా తక్కువ. ఉన్నవాళ్ళను పది దాటించి, కొత్తగా తెలుగు వేయవద్దని పైవాళ్ళు అనవచ్చు" అన్నారు. బెదిరింపు కాదు. ఉన్నమాట.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వెళ్తే దేవకి తమిళంలో గట్టెక్కుతుంది. బస్సు బోర్డుల మీద, టీవీ మీద, అంగళ్ళ మీద చిన్నప్పటి నుంచి చదువుతున్న అక్షరాలే. ఉంటే? దాని నోట్లో ఎంత తెలుగుందో ఇప్పుడు నాకు తెలుసు. ఆ నోటి నుంచి కాగితానికి ఒక వంతెన వేయగలనేమో. వేయలేకపోతే మాత్రం అది మిషన్ దగ్గర కూర్చుంటుంది, నేను కాదు. ఇక సెక్షన్ పోతుందన్న భయం ఉండనే ఉంది. పిల్ల కోసం ఆలోచిస్తున్నావా, నీ కుర్చీ కోసమా అని ఆ నిమిషంలో ఎవరైనా అడిగితే గట్టిగా జవాబు చెప్పగలిగేదాన్ని కాను. రెండూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నాయి.

"ఉంచండి మేడం. బడి అయ్యాక రోజూ విడిగా చెబుతాను. పాస్ చేయిస్తాను" అన్నాను తమిళంలో.

కన్నయ్య నా వైపు తిరిగాడు. "ఆరో తరగతిలో కూడా మార్కులు వస్తాయన్నారు టీచర్."

హెడ్మిస్ట్రెస్ పెన్ను మూత తీసి పెడుతున్నారు. దేవకిని అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. అడగాలని ముగ్గురు పెద్దవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు.

"పెద్దమ్మా" అని వినిపించింది.

ఎవర్ని పిలిచారో నాకు ముందు అర్థం కాలేదు. దేవకి నన్నే చూస్తోంది. చేతులు కట్టుకోలేదు. గొంతు తగ్గించి, తొందర లేకుండా, తెలుగులో మాట్లాడింది.

"పెద్దమ్మా, నన్ను ఇడిసిపెట్టు. నువ్వు మంచిదానివే, నీ పాటమే నాకు ఎక్కడం లేదు. ఈయమ్మకి ఇది అరవంలో చెప్తే నీ ఉద్యోగానికి ఏమన్నా అయితదేమో అని నీకు మాత్రం చెప్తాండా. నేను నర్సు కావాల. మన మాట యాడికీ పోదు, మా యవ్వ ఉండాది, నేనుండా. చదువు పోతే మళ్ళా రాదు పెద్దమ్మా."

ఈ ఊళ్ళో మనవాళ్ళ అంగళ్ళలో ఒక పద్ధతి ఉంది. కొనేవాళ్ళ ముందు అన్నదమ్ములు ఏదైనా లోపలి మాట అనుకోవాలంటే తెలుగులో అనుకుంటారు. బయటివాళ్ళకు తెలియకూడని మాటకు, తమ మనుషులకు మాత్రమే చెప్పే మాటకు ఆ భాష. దేవకి ఆ గదిలో అదే పని చేసింది. హెడ్మిస్ట్రెస్‌ని బయటి మనిషిని చేసి, నన్ను లోపలికి లాక్కుంది. వాధ్యారమ్మ కాస్తా పెద్దమ్మ అయిపోయింది. నా ఉద్యోగం మొత్తంలో ఒక పిల్ల తనంతట తాను నాతో తెలుగులో మాట్లాడటం అదే మొదలు. ఆ పిల్ల అడిగింది మాత్రం, తెలుగు నుంచి తనను విడిచిపెట్టమని. నాకు గుండె నిండిపోయింది, అదే క్షణంలో గుండె పగిలినట్టూ అయింది. రెండూ ఒకేసారి అయితే మొహం ఎలా పెట్టాలో నాకు తెలియదు.

కన్నయ్యకు అంతా అర్థమైంది. నేల చూస్తున్నాడు.

"ఏమంటోంది?" అన్నారు హెడ్మిస్ట్రెస్.

"ఏమీ లేదు మేడం" అన్నాను. "మార్చేయండి."

ఆవిడ కళ్ళద్దాల పైనుంచి నన్ను కాసేపు చూశారు. ఇంకేమీ అడగలేదు. ఆవిడలో నాకు నచ్చిన గుణం అదే.

ఆ తర్వాత

హెడ్మిస్ట్రెస్ చెప్పినట్టే జరిగింది. మిగిలిన పిల్లల్ని పది దాటించాను. వాళ్ళతో తెలుగులో మాట్లాడాను, వాళ్ళు తమిళంలో మాట్లాడితే ఊరుకున్నాను. ఒకరిద్దరు ఎప్పుడైనా పొరపాటున ఒక మాట జారవిడిస్తే విననట్టు నటించేదాన్ని, మళ్ళీ సిగ్గుపడి దాచేస్తారని. అది సరైన పద్ధతో కాదో నాకు తెలియదు. కింది తరగతుల్లో ఉన్నవాళ్ళను తెలుగున్న వేరే బళ్ళకు పంపారు. నాకు లైబ్రరీ అప్పగించారు.

మీరు నన్ను అడగబోయేది తెలుసు. ఆ రోజు ఉంచుకుని ఉంటే? ఇప్పుడు మీలో ఎవరో ఒకరు అలాంటి పిల్లను పాస్ చేయిస్తారేమో. నేను చేయించగలిగేదాన్నేమో. నాకు గట్టిగా తెలిసినవి రెండే. పిల్ల నోరు విప్పకపోతే భాష రాదని తీర్మానించకండి. వచ్చని తెలిశాక, నలుగురి ముందు విప్పమని వెంటపడకండి. ఈ రెంటికీ మధ్య టీచరు ఏం చేయాలన్నది నేను కనిపెట్టలేకపోయాను. సిలబస్ వేసేవాళ్ళూ కనిపెట్టినట్టు లేదు. వాళ్ళు ఏంబలం బస్సెక్కి ఉండరు.

దేవకి పది ఫలితాలొచ్చిన రోజు చాక్లెట్ల డబ్బాతో బడికి వచ్చింది. మంచి మార్కులు. హెడ్మిస్ట్రెస్‌కి, సైన్సు టీచరుకి, తమిళమ్మకి ఇచ్చి, తమిళంలో ఆశీర్వాదాలు తీసుకుని, చివరికి లైబ్రరీ గుమ్మంలోకి వచ్చింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుంది.

"పాసైనా పెద్దమ్మా."

"చూశానమ్మా. చాలా సంతోషంగా ఉంది" అన్నాను. నిజంగానే సంతోషంగా ఉంది, చాక్లెట్ కాగితం విప్పి నోట్లో వేసుకున్నాను.

పిల్ల కదలలేదు. నా తెలుగు క్లాసు జరిగే గది వైపు చూసింది. ఆ గదిలో ఇప్పుడు వేరే సెక్షన్ బెంచీలు వేస్తున్నారు.

"తెలుగు ఎత్తేసినారంట గదా?" అంది. "నేను పోయినందుకేనా?"

ఆ ప్రశ్నకు సగం జవాబు అవును. మిగతా సగం నాకు తెలియదు. ఏ సగం చెప్పినా పదహారేళ్ళు నిండని పిల్ల అది మోసుకుని ఏంబలం దాకా పోవాలి. ఆలోచించి చెబుదామనుకునే లోపే నోట్లోంచి మాట వచ్చేసింది.

"నువ్వు పోతే యాడన్నా బడి మూతపడతదా ఏందే? పో, పో, బస్సు పోతది!"

యానాంలో మా అమ్మ ఆ మాట వింటే, ఈ యాస ఎక్కడిదే, ఎవరితో తిరుగుతున్నావే అని అడిగేది. దేవకి కళ్ళు పెద్దవి చేసుకుని నన్ను చూసింది. తర్వాత పకపకా నవ్వింది.

"నీకూ వచ్చేసింది గదా పెద్దమ్మా!" అని, డబ్బా చంకన పెట్టుకుని మెట్ల మీద పరుగెత్తింది.